డొల్ల చప్పుడు

సెంటినరీ కాలనీ,
19 జనవరి 2025

ప్రశాంత్‌కు,

నీ పార్సెల్ శుక్రవారం అందింది. సీడీ పగలలేదు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని చీటీలో అడిగావు. నవంబరు నుంచి మనం ఫోన్లో మూడుసార్లు మాట్లాడాం. మూడుసార్లూ నువ్వు ఏడ్చావు, నేను పెట్టేశాను. ఉత్తరమైతే ఎవరి వీలు చూసుకుని వాళ్లు రాయొచ్చు. అందుకే కాగితం తీశాను.

మీ అక్క పోయి రెండు నెలల ఐదు రోజులు. నేను బాగానే ఉన్నాను. మొదటి షిఫ్టుకు పోయి మూడు గంటలకు వస్తున్నాను. బియ్యం కొలత ఇంకా కుదరలేదు. ఇద్దరికి సరిపడా వండి, అదే రెండు పూటలా తింటున్నాను. మార్చి నెలాఖరుకు నా రిటైర్మెంటు. క్వార్టర్ జూన్ దాకా ఉంచుకోవచ్చన్నారు.

ఇక నీ ఆల్బమ్. విని నిజం చెప్పమన్నావు. ఫిబ్రవరి ఇరవైన అచ్చుకు పోతుంది, ఈలోపు ఏదైనా మార్చొచ్చు అన్నావు. సీడీ పెట్టేందుకు మన ఇంట్లో ఏదీ లేదు. అబ్దుల్ వహాబ్ ఇంట్లో ఉంది. నీకు ట్రంపెట్ పట్టుకోవడం నేర్పిన మనిషి కాబట్టి ఆయనా వినడం న్యాయమే అనుకుని నిన్న సాయంత్రం అక్కడికి పోయాను. పెళ్లి బ్యాండు మూసేసి మూడేళ్లయింది. పెద్ద డప్పు మీద ఇప్పుడు మీ కరీమున్నీసా చాచీ వడియాల పళ్లెం పెడుతున్నది.

ఆమె కవరు మీద నీ ఫొటో చూసి, "పిలగాడు గింత సన్నబడ్డడేంది? బొంబయిల తిండి దొరుకతలేదా?" అన్నది. వహాబ్, "చుప్, పాట ఇను" అన్నాడు. రెండో పాట సగంలో ఆయనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అయిదుగురున్నరు గద సాబ్, అందరు ఒక్కసారి ఎందుకు వాయిస్తలేరు? మా బ్యాండుల ఒక్కడు ఊకున్నా నేను తిడుతుంటి."

"ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకున్నట్టు వాయిస్తారట. చీటీలో రాశాడు" అన్నాను.

"మాట్లాడుడు మంచిదే. బారాత్‌ల గిట్ల మాట్లాడితె మాత్రం గుర్రం ఆడనే పండుకుంటది."

కానీ సీడీ అయిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు. మధ్యలో మగ్రిబ్ నమాజుకు పోయి వచ్చి, ఆపిన చోటు నుంచి పెట్టమన్నాడు.

నాకు సంగీతం రాదు. బీఎస్సీలో ధ్వని పాఠం తప్ప ఏమీ చదవలేదు. నాకు వినిపించింది రాస్తున్నాను. పాట అనొచ్చో లేదో తెలియదు, ఎవరూ పాడలేదు. అయినా పాట అనే అంటాను.

మొదటిది నువ్వు ఒక్కడివే మొదలుపెట్టావు. డ్రమ్ములాయన వెంటనే రాలేదు. వచ్చాక కూడా కొట్టలేదు, చీపురుతో ఊడ్చినట్టు చేశాడు. ఆ ఆలస్యం బాగుంది. రెండో దానిలో సాక్సోఫోన్ ఆయనా నువ్వూ ఒకే వరస వాయించారు. అతను నీకంటే గోరంత వెనక. ముందు తప్పనుకున్నాను. మూడుసార్లు అదే దూరంలో రావడంతో కావాలని చేస్తున్నారని తెలిసింది. నాలుగో దానిలో బేస్ ఒక్కటే రెండు నిమిషాలు మోగింది. బొగ్గు టబ్బులు లాగే తాడు లోడు పడ్డప్పుడు అలాగే మూలుగుతుంది. అది మోగేటప్పుడు మిగతా నలుగురూ ఊరుకోవడం నాకు నచ్చింది. ఐదోది గుర్తు లేదు. ఆరో దానిలో పియానో అమ్మాయి మెట్లు దిగుతూ, ఒక మెట్టు లేదని తెలిసి ఆగినట్టు ఆగుతుంది. ఏడోది బాగా వేగం. వహాబ్‌కు నచ్చింది అదొక్కటే. ఎనిమిదోది చిన్నది, ఇంకా కొంత ఉంటే బాగుండేది.

మూడో పాట డొల్లగా ఉంది. రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ అలాగే ఉంది.

రఘుపతి


ముంబయి,
27 జనవరి 2025

బావా,

ఉత్తరం వచ్చింది. నీ రాత చూసి ఎన్నేళ్లయిందో. సున్నాలు ఇంకా అలాగే కోడిగుడ్ల లాగా పెడుతున్నావు.

ఇక్కడ ఈ ఆల్బమ్‌ను ముందుగా విన్నవాళ్లు పన్నెండు మంది. అందరూ బాగుందన్నారు. డ్రమ్ముల చీపురునూ సాక్సోఫోన్ గోరంత వెనకబాటునూ ఎవరూ పట్టుకోలేదు. సాక్సోఫోన్ వాయించే గోవా ఆయనకు నీ మాట చెబితే, మీ బావ ఏం వాయిస్తాడని అడిగాడు. బొగ్గు గనిలో ఓవర్‌మన్ అన్నాను. నమ్మలేదు. గుర్రం మాట చెబితే మాత్రం పియానో అమ్మాయి పది నిమిషాలు నవ్వింది. ఉస్తాద్‌కు నా సలాం చెప్పు.

కానీ మూడో పాటను ఒక్క మాటలో కొట్టేశావు. డొల్ల. ఎందుకన్నావో నాకు తెలుసు. అది ఏ పాటో నీకు తెలియదు గనక చెబుతున్నాను.

దాని పేరు ‘పగటి నిద్ర’. అమ్మ పోయాక నేను మీ ఇంటికి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పన్నెండేళ్లకు ఉస్తాద్ దగ్గర ట్రంపెట్ పట్టాను. ఇంట్లో సాధన చేయాలంటే మన లైన్లో ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకుని ఉండేవాళ్లు. మూడో షిఫ్టు చేసి వచ్చి ఒకసారి నువ్వు, ఇంకోసారి పక్క క్వార్టర్ రాయమల్లు కాక. ఊదగానే అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. "అరేయ్, మీ బావ పన్నడు." ఒకరోజు స్టీలు గ్లాసుకు తన పాత చీర పేలిక చుట్టి ట్రంపెట్ మూతిలో దోపింది. చప్పుడు చీమంత అయింది. ఎనిమిదేళ్లు ఆ గ్లాసుతోనే వాయించాను. బొంబయికి బయలుదేరిన రోజు అక్క దాన్ని సంచిలో పెట్టి, "ఆడ గుడ పండుకునేటోళ్లు ఉంటరు" అన్నది.

మొన్న ఒక పత్రికలో నా ట్రంపెట్ గుసగుసలాడుతుందనీ అది కొత్త పద్ధతి అనీ రాశారు. కొత్తదేమీ కాదు. అది మీ అందరి నిద్ర.

మూడో పాటలో ఉన్నది ఆ గ్లాసే. గుడ్డ అరిగిపోయి, కింది స్వరాలకు లోపల గలగలమంటుంది. రికార్డింగ్ చేసినాయన ఆ చప్పుడు తుడిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. నీ చెవికి డొల్లగా తగిలింది అదే అయి ఉంటుంది. అక్క కోసం వాయించిన పాట మీ ఇంట్లోనే చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది? తీసేయమంటావా? నువ్వు ఏదంటే అదే.

అన్నం కొలత: ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. నీకు అర గ్లాసు బియ్యం చాలు.

నీ బామ్మర్ది
ప్రశాంత్


సెంటినరీ కాలనీ,
5 ఫిబ్రవరి 2025

ప్రశాంత్‌కు,

ఉత్తరం అందింది. అర గ్లాసు సరిపోయింది.

పెన్షన్ కాగితాల కోసం సోమవారం ఆఫీసుకు పోయాను. క్లర్క్ సంపత్ కొత్తవాడు. ఫారం చూసి, "సార్, మేడంతోని జాయింటు ఫొటో అంటించాలె, గిది సింగిల్ ఉన్నది" అన్నాడు. సింగిలే అన్నాను. అతను ఫారం తలకిందులు చేసి చాలాసేపు చదివాడు. తర్వాత టీ తెప్పించాడు. తాగి వచ్చాను.

గ్లాసు గురించి రాసింది చదివాను.

సీడీ కవరు వెనక మూడో పాట రికార్డు చేసిన తేదీ నవంబరు 14 అని ఉంది. పొద్దుటా, మధ్యాహ్నమా? టైము రాయి.

పాట ఉంచడమా తీసేయడమా నీ ఇష్టం. అది నీ పని, నేను చెప్పకూడదు. డొల్ల అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేను. మొన్న మళ్లీ వహాబ్ ఇంటికి పోయి విన్నాను. అలాగే ఉంది.

వహాబ్‌కు నీ సలాం చెప్పాను. "ఆడు సలాం చెప్పుడు కాదు, వచ్చి నా ముంగట ఊదాలె. ఎన్ని తప్పులు పోతున్నడో సూస్త" అన్నాడు.

రఘుపతి


ముంబయి,
11 ఫిబ్రవరి 2025

బావా,

టైము అడిగావు. పొద్దున పదకొండు గంటలు. రెండో టేకు. అదే ఉంచాం.

నువ్వు ఎందుకు అడిగావో అర్థమైంది. రెండు రోజులు ఈ ఉత్తరం రాయకుండా ఆగాను. ఇంక ఆగలేను.

అక్క పోయిన రోజు నేను స్టూడియోలో ట్రంపెట్ వాయించుకుంటూ ఉన్నాను. అదే కదా నువ్వు అనదలచుకున్నది? కవరు మీద తేదీ చూపించి మరీ అడగాలా? నాకు తెలిస్తే అక్కడ ఉండేవాణ్నా? సాయంత్రం ఆరింటికి నువ్వు ఫోన్ చేశావు. "ఉన్నట్టుండి అయిపోయింది, బయలుదేరు" అన్నావు. అంతే అన్నావు. రాత్రి విమానం దొరకలేదు. పొద్దున మొదటి విమానంలో హైదరాబాద్, అక్కడి నుంచి కారు. రెండున్నరకు మన లైన్ మలుపు తిరిగితే వాకిట్లో ఖాళీ కుర్చీలు. గోదావరి ఒడ్డుకు పరుగెత్తితే బూడిద. పదకొండున్నరకే ముట్టించారట. మూడు గంటలు, బావా. పద్దెనిమిదేళ్లుగా దూరం ఉన్నవాడి కోసం మూడు గంటలు ఆగలేకపోయారు. పెద్దమనుషులు ఒప్పుకోలేదన్నావు. నువ్వు గట్టిగా అంటే ఒప్పుకోరా? బొగ్గు బాయిలో మూడు వందల మంది నీ మాట వింటారని అక్క గొప్పగా చెప్పేది.

ఆ రోజు నేనేమీ అనలేదు. నీకున్నది నాకంటే పెద్ద దుఃఖమనుకున్నాను. పదకొండు రోజులూ నువ్వు నా ముఖం చూడలేదు. రాలేకపోయానని కోపం అనుకున్నాను. ఇప్పుడు అక్క కోసం వాయించింది డొల్ల అంటున్నావు. సరే.

మూడో పాట తీసేశాను. ఆల్బమ్‌లో ఏడే ఉంటాయి. మిగతా నలుగురికీ చెప్పాను. బేస్ ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కంపెనీకి ఇరవైన చేరుతుంది.

గ్లాసు నీది. కావాలంటే పంపుతాను.

ప్రశాంత్


సెంటినరీ కాలనీ,
16 ఫిబ్రవరి 2025

ప్రశాంత్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. పాట తీయొద్దు. కారణాలు రాస్తున్నాను. పోస్టాఫీసు నర్సింగాన్ని అడిగితే స్పీడు పోస్టుకైనా ఐదు రోజులన్నాడు. ఇరవైలోపు చేరదు. అందుకు వేరే ఏర్పాటు చేస్తాను.

మొదట ఆ మాట సంగతి. నువ్వు పదకొండేళ్లు మా ఇంట్లో ఉన్నావు కానీ బాయిలోకి ఎప్పుడూ దిగలేదు. నేనూ అక్కడి సంగతులు ఇంట్లో చెప్పేవాణ్ని కాదు. కింద పని మొదలుపెట్టే ముందు నెత్తిన ఉన్న కప్పును కర్రతో తట్టి వింటాం. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే లోపల ఎక్కడో పొర విడిచింది. కంటికి కనపడదు. పక్క రాయిలాగే ఉంటుంది. అలాంటి చోట మనుషులను వెనక్కి పంపి, సపోర్టులు నిలబెట్టాకే ముందుకు పోతాం. "ఈడ డొల్ల" అంటే ఆ రాయి పనికిరాదని కాదు. దాని కింద నిలబడలేమని. ముప్పై నాలుగేళ్లుగా ఆ మాట నాకు ఆ ఒక్క అర్థంలోనే తెలుసు. బయటి వాళ్లకు ఇంకో అర్థం ఉందని రాసేటప్పుడు తోచలేదు. తోచాల్సింది. చదువుకున్నవాణ్ని.

మూడో పాట కింద నేను నిలబడలేకపోయాను. రాయాల్సింది అదే.

ఎందుకు నిలబడలేకపోయానో కూడా చెప్పాలి. ఇది రాస్తే నువ్వు నాకు మళ్లీ ఉత్తరం రాయకపోవచ్చు.

స్వరూప ఉన్నట్టుండి పోలేదు. నవంబరు పదో తేదీ సాయంత్రం దవాఖానలో చేర్చాం. కిడ్నీలు రెండూ ఆగిపోయాయన్నారు. పదకొండున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, రావాల్సిన వాళ్లను పిలిపించుకోమన్నాడు. వరండాలోకి వచ్చి నీ నంబరు తీశాను. ఆమె లోపలి నుంచి చూసింది. పిలిచి, "ఎవరికి చేస్తున్నవ్?" అన్నది. ప్రశాంత్‌కు అన్నాను. "ఆనికి రేపటి నుంచి మూడొద్దులు రికార్డింగ్ ఉన్నది. ఇరవై ఏండ్ల సంది సూస్తున్నడు గా దినం కోసం. గిప్పుడు చెప్తె అన్నీ ఇడిచిపెట్టి ఉరికొస్తడు. అయినంక చెప్పు. అప్పటిదాంక నేను ఏడికి పోత?" అన్నది. నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

నేను ఒప్పుకున్నాను. పద్నాలుగున సాయంత్రం నీ రికార్డింగ్ అయిపోతుందని ఆమె లెక్క. ఆమె మధ్యాహ్నం రెండు గంటలకే పోయింది. నాలుగు గంటలు ఆగి, ఆరింటికి నీకు ఫోన్ చేశాను. ఆ నాలుగు గంటలు కూడా ఆమె మాట కోసమే ఆగానా అంటే చెప్పలేను. ఏం చెప్పాలో తెలియక అయి ఉండొచ్చు.

తెల్లారి దహనం. పెద్దమనుషులు ఆగనివ్వలేదని నీకు చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. మా బాయి జైపాల్, "బామ్మర్ది దారిల ఉన్నడట గద సార్, రెండు గంటలు ఆగుదాం" అన్నాడు కూడా. నేనే వద్దన్నాను. ఆగితే నువ్వు ముఖం చూస్తావు. చేతుల మీద నాలుగు రోజుల సూది గుర్తులు చూస్తావు. ఎప్పటి నుంచి అని అడుగుతావు. ఆ ప్రశ్నకు భయపడ్డాను. పదకొండు రోజులు నీ ముఖం చూడలేకపోయింది కూడా అందుకే. కోపం నా దగ్గర ఎప్పుడూ లేదు.

తేదీ చూసినప్పుడు, ఆమె పోతున్న పూట నువ్వు ఏమీ తెలియకుండా ఆమె కోసం వాయిస్తున్నావని అర్థమైంది. తెలియకుండా చేసింది నేను. టైము అడిగింది దానికి. నిన్ను అనడానికి కాదు.

పాట ఉంచు.

రఘుపతి


ముంబయి,
2 మార్చి 2025

బావకు,

ఉత్తరం 22న వచ్చింది. ఇన్ని రోజులు పట్టింది రాయడానికి. ఏడుసార్లు మొదలుపెట్టి చింపాను.

అంతకంటే ముందు 17న ఉస్తాద్ ఫోన్ చేశాడు. "అరే బేటా, మీ బావ నా ఇంట్ల కూసున్నడు. నువ్వు గా పాట తియ్యొద్దట. ఎందుకు సాబ్ అంటె ఉత్తరంల రాసిన అంటడు. ఫోన్ చేతికిస్తె పట్టుకోడు, పామును సూసినట్టు సూస్తున్నడు. నాకైతె ఏం సమజ్ అయితలేదు. ఉత్తరం అందెదాంక ఆగు." వెనక నుంచి చాచీ, "తిన్నడో లేదో అడుగు" అంటోంది. నేను నీకు ఫోన్ ఇవ్వమని అడగలేదు. కానీ కంపెనీ వాళ్లను పది రోజులు ఆగమన్నాను.

బావా, నాకు కోపం వచ్చింది. అక్క మీద కూడా. రికార్డింగ్ ఇంకోసారి పెట్టుకోవచ్చు. ఆమెకు ఎవరు చెప్పారు పెట్టుకోలేమని? నువ్వు చెప్పాల్సింది. ఆమె వద్దన్నా చెప్పాల్సింది. నాలుగు రోజులు. ఒక్కరోజు ముందు చెప్పినా మాట్లాడేవాణ్ని. ఈ కోపం ఎప్పుడు పోతుందో తెలియదు. పోయిందని నీకు అబద్ధం రాయను. అబద్ధాలు ఇప్పటికే సరిపోయాయి.

నిన్న మేం ఐదుగురం కూర్చుని మూడో పాట మళ్లీ విన్నాం. నీ మాట వాళ్లకు విడమరచి చెప్పాను, కప్పు, కర్ర, వెనక్కి పోవడం. బేస్ ఆయన పాట అయ్యాక, "మీ బావ చెప్పింది నిజం, ఇక్కడ మేం నలుగురం సపోర్టులం" అన్నాడు. మళ్లీ విన్నాను. నిజమే. నా ట్రంపెట్ కింద ఆ నలుగురూ ఎంత జాగ్రత్తగా నిలబడ్డారో నేను ఇన్నాళ్లూ వినలేదు. వాళ్లకూ ఆ రోజు ఏమీ తెలియదు. అయినా అలా నిలబడ్డారు.

పాట ఉంచాను. ఎనిమిదీ ఉంటాయి. మూడో చోటనే ఉంటుంది.

ఒక్కటి అడుగుతాను. దీనికి నిజం రాయి. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు అక్క ఏం చేస్తోంది?

ప్రశాంత్


సెంటినరీ కాలనీ,
10 మార్చి 2025

ప్రశాంత్‌కు,

నీ ఉత్తరం అందింది. కోపం గురించి రాసింది సరిగ్గానే ఉంది. చెప్పాల్సింది. నాకు ఆ జవాబు తప్ప ఇంకొకటి లేదు.

నువ్వు అడిగిన దానికి. పద్నాలుగున పొద్దున తెలివిలోనే ఉన్నది. మాట సన్నగా వచ్చేది. టైము ఎంతని అడిగింది. గోడ మీద గడియారం ఆమెకు కనపడదు. పదకొండు దాటిందన్నాను. "గిప్పుడు వాయిస్తుండచ్చు" అన్నది. మళ్లీ, "గ్లాసు తీస్కపోయిండో లేదో" అన్నది. తీసుకుపోయే ఉంటాడన్నాను. తర్వాత నిద్రపోయింది. ఒంటిగంటకు నర్సు వచ్చింది. ఇంకేమీ లేదు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు, దాచింది ఏమీ లేదు.

మూడో పాట గురించి ఇంకొకటి ఉంది. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది.

పాట మధ్యలో నువ్వు పైకి పోతూ ఒకచోట ఆగుతావు. ఆగి, ఆ ముక్కను మళ్లీ మొదటి నుంచి అందుకుంటావు. వినేవాళ్లు అది కావాలని చేశావనుకుంటారు. పన్నెండేళ్లప్పుడు కూడా నువ్వు అదే ఎత్తు దగ్గర ఆగేవాడివి. ఊపిరి చాలేది కాదు. మళ్లీ మొదలుపెట్టేవాడివి. కొన్ని రోజులు నాలుగుసార్లు, కొన్ని రోజులు ఐదుసార్లు. దాటిన రోజు మీ అక్క వంటింట్లో ఏదో ఒక గిన్నె గట్టిగా పెట్టేది, శభాష్ అన్నట్టు.

ఇది నాకెలా తెలుసంటే, నేను నిద్రపోలేదు. మూడో షిఫ్టు చేసి వచ్చి తొమ్మిదింటికి పడుకునేవాణ్ని. నువ్వు ట్రంపెట్ తీసేవాడివి. "మీ బావ పన్నడు, గ్లాసు పెట్టు" అని ఆమె అనేది. గోడవైపు తిరిగి వినేవాణ్ని. లేచి ఉన్నానని తెలిస్తే ఆమె నిన్ను ఆపి, టీ పెట్టడానికి పోతుంది. అందుకని కదిలేవాణ్ని కాదు. ఆ ఎత్తు దాటాక నిద్రపోయేవాణ్ని. దాటని రోజు నిద్ర పట్టేది కాదు. ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వేది.

రికార్డులో రెండోసారికి దాటావు.

వహాబ్ ఇప్పుడు ఏడో పాట మానేసి మూడోది పెడుతున్నాడట. కరీమున్నీసా చెప్పింది. ఇంకా బారాత్‌కు పనికిరాదనే అంటున్నాడు.

ముప్పై ఒకటిన నేను బాయి దిగి పైకి వస్తాను, అదే ఆఖరు. క్వార్టర్ జూన్ దాకా ఉంటుంది. నీకు కోపం ఉన్నా రా. కోపం పోయేదాకా ఆగితే క్వార్టర్ ఉండదు. వచ్చేటప్పుడు ట్రంపెట్ తీసుకురా. గ్లాసు కూడా తీసుకురా, కానీ వాయించేటప్పుడు తీసి పక్కన పెట్టు. ఆ ముక్కను నేను గ్లాసు లేకుండా ఒక్కసారి కూడా వినలేదు.

లైన్లో ఇప్పుడు మూడో షిఫ్టుకు పోయేది రాయమల్లు కొడుకు ఒక్కడే. నిన్న రాయమల్లుకు విషయం చెప్పి, మీ వాడికి నిద్ర చెడుతుందేమో అన్నాను.

"గా పోరడు మా గోడకానుకొని ఎనిమిదేండ్లు ఊదిండు. నేను ఏనాడన్న పన్ననా?" అన్నాడు.

మీ బావ